నది నీటి పద్దు కంప్యూటర్‌లో – 3వ పాఠం: నాగార్జునసాగర్‌కు రోజువారీ లెక్క

ముందు పోయిన పాఠం అభ్యాసానికి జవాబు. హైదరాబాద్‌కు కృష్ణా తాగునీటి పథకం మూడు దశలూ కలిపి 270 ఎంజీడీ, అంటే రోజుకు 270 మిలియన్ గ్యాలన్లు. దాన్ని క్యూసెక్కుల్లోకి (సెకనుకు ఘనపుటడుగుల్లోకి) మార్చమన్నాం. జవాబు 502. మీకు 418 వచ్చిందంటే గుణకారం తప్పలేదు, గ్యాలన్ తప్పింది. మన దగ్గర ఎంజీడీ అంటే 4.546 లీటర్ల బ్రిటిష్ గ్యాలన్ల లెక్క. అమెరికాలో తయారైన సాఫ్ట్‌వేర్‌కు గ్యాలన్ అంటే 3.785 లీటర్లు. పోయేది 84 క్యూసెక్కులే కదా అని వదిలేస్తే ఏడాది తిరిగేసరికి 2.65 టీఎంసీ అవుతుంది (ఒక టీఎంసీ అంటే వంద కోట్ల ఘనపుటడుగులు). ప్రకాశం బ్యారేజీ నిండా పట్టేదే 3.07 టీఎంసీ.

మొదటి పాఠంలో క్యూసెక్కుల్ని టీఎంసీలుగా మార్చడం నేర్చుకున్నాం: 11,574 క్యూసెక్కులు ఒక రోజంతా పారితే 1 టీఎంసీ, లక్ష క్యూసెక్కులైతే 8.64. రెండో పాఠంలో మట్టం చూసి నిల్వ చెప్పే పట్టికను షీట్‌లోకి ఎక్కించాం. ఈ రెండూ పెట్టుకుని ఇవాళ ఒకే జలాశయానికి జమాఖర్చు రాస్తాం. సాగర్‌నే తీసుకోవడానికి కారణం ఉంది. దానికి వచ్చే నీటిలో చాలా భాగం శ్రీశైలం నుంచి వదిలిందే. అంటే జమలో పెద్ద అంకె పై డ్యామ్ దగ్గరే కొలిచి ఉంటుంది. మొదటిసారే శ్రీశైలంతో మొదలుపెడితే జూరాల నుంచి వచ్చేది, తుంగభద్ర నుంచి వచ్చేది, మధ్య వాగుల్ది అన్నీ కలిసిపోయి తప్పెక్కడుందో దొరకదు.

షీట్ గీయడం

ఒక్కో వరుస ఒక్కో రోజు. జూన్ 1తో మొదలై మే 31తో ముగియాలి. జనవరి నుంచి రాస్తే ఒకే వరద మీద పండే ఖరీఫ్, రబీ రెండూ వేరువేరు ఏళ్ల పద్దుల్లో పడతాయి. నిలువు వరుసలు ఇవి (ఇకపై ‘4వ వరుస’, ‘9వ వరుస’ అని అంకెతో చెబితే ఈ నిలువు వరుసలే):

1. తేదీ
2. ఉదయం మట్టం, అడుగుల్లో
3. పట్టిక నిల్వ, టీఎంసీల్లో
4. శ్రీశైలం నుంచి వచ్చింది, క్యూసెక్కుల్లో (ఇక్కడి నుంచి 10 దాకా అన్నీ క్యూసెక్కులే)
5. మధ్యలో కలిసింది: దిండి నది, పక్క వాగులు, జలాశయం మీద పడ్డ వాన
6. కుడి కాలువ
7. ఎడమ కాలువ
8. ఏఎమ్మార్పీ (మాధవరెడ్డి ప్రాజెక్టు) ఎత్తిపోతల
9. ప్రధాన పవర్‌హౌస్
10. క్రస్ట్ గేట్లు (డ్యామ్ పైనుండే వరద గేట్లు)
11. ఆవిరి, టీఎంసీల్లో
12. లెక్క నిల్వ, టీఎంసీల్లో: నిన్నటి నిల్వకు జమ కలిపి, ఖర్చు, ఆవిరి తీసేస్తే వచ్చేది
13. తేడా: పట్టిక నిల్వలోంచి లెక్క నిల్వ తీసేస్తే మిగిలేది

రాసేటప్పుడు నాలుగు చోట్ల కాలు జారుతుంది.

మొదటిది పవర్‌హౌస్. సాగర్‌లో ప్రధాన పవర్‌హౌస్ కాక కుడి కాలువ మీద ఒకటి, ఎడమ కాలువ మీద ఒకటి ఉన్నాయి. కాలువ పవర్‌హౌస్ తిప్పిన నీళ్లు కాలువలోకే పోతాయి. రోజువారీ నివేదికలో ఆ నీటిని విద్యుత్తు కిందా, కాలువ కిందా కూడా చూపిస్తే మీరు ఒకే నీటిని రెండుసార్లు ఖర్చు రాసేస్తారు. 9వ వరుసలో ప్రధాన పవర్‌హౌస్ ఒక్కటే ఉండాలి.

రెండోది ఏఎమ్మార్పీ. పుట్టంగండి దగ్గర ఎత్తిపోసి అక్కంపల్లి జలాశయంలో పోస్తారు. హైదరాబాద్ తాగునీరు అక్కడి నుంచే వెళ్తుంది. కాబట్టి ఆ 502 క్యూసెక్కులకు ఇంకో వరుస పెట్టకండి, 8వ వరుసలోనే అవి ఉన్నాయి.

మూడోది శ్రీశైలం ఎడమగట్టు పవర్‌హౌస్. అక్కడి 150 మెగావాట్ల యూనిట్లు ఆరూ వెనక్కి కూడా తిరుగుతాయి. పంపింగ్ చేసిన రోజు సాగర్ నీరు శ్రీశైలానికి ఎక్కుతుంది. ఆ రోజు ఎక్కిన నీటిని 4వ వరుసలో మైనస్ గుర్తుతో రాయాలి. ప్లస్‌తో రాస్తే తప్పు రెండింతలవుతుంది, ఎందుకంటే పోయిన నీరు ఖర్చులో పడకపోగా జమలో చేరింది.

నాలుగోది పట్టిక, అన్నిటికన్నా ఖరీదైన తప్పు ఇదే. సాగర్‌కు 590 అడుగుల దగ్గర మొదట కట్టినప్పటి సామర్థ్యం 408.24 టీఎంసీ. పూడిక పోగా ఇప్పుడు వాడుతున్నది 312.05. శ్రీశైలానికి 885 అడుగుల దగ్గర 308.06 నుంచి 215.81కి తగ్గింది. పాత రిపోర్టులోంచి పాత పట్టిక తెచ్చి ఎక్కిస్తే ఈ రెండు జలాశయాల్లో కలిపి 188 టీఎంసీల కాగితం నీళ్లు మోడల్‌కు కనిపిస్తాయి. కరువు ఏడాదిలో కూడా ఆ మోడల్ రబీకి నిశ్చింతగా నీళ్లిచ్చేస్తుంది. పట్టిక పక్కన సర్వే జరిగిన సంవత్సరం రాసి ఉంటేనే వాడండి.

ఎగువ జలాశయాలు కలిపేటప్పుడు ఇంకో సంగతి. శ్రీశైలం, సాగర్, తుంగభద్ర మట్టాలు అడుగుల్లో చెబుతారు. ఆల్మట్టి పూర్తి మట్టం 519.6 మీటర్లు, జూరాలది 318.516 మీటర్లు. జూరాలను అడుగుల్లో 1,045 అని రాసే నివేదికలూ ఉంటాయి. ఒకే ఫైల్లో సగం ఇలా, సగం అలా ఉంటే పట్టిక చూసే సూత్రం తప్పు చూపించకుండానే చివరి అంకె తీసి ఇచ్చేస్తుంది. జలాశయం ఏడాదంతా నిండుగా ఉన్నట్టు కనిపిస్తే ముందు అనుమానించాల్సింది దీన్నే.

ఆవిరి

డ్యామ్ దగ్గర ఆవిరి కొలిచే పళ్లెం ఉంటుంది. అందులో రోజుకు తగ్గిన మిల్లీమీటర్లను 0.7తో గుణించండి. లోతు తక్కువైన ఇనుప పళ్లెం జలాశయంకన్నా ఎక్కువ వేడెక్కుతుంది, ఆ 0.7 అందుకే. వచ్చినదాన్ని ఆ రోజు నీరు పరుచుకున్న విస్తీర్ణంతో గుణించాలి. చదరపు కిలోమీటర్లను మిల్లీమీటర్లతో గుణించి 28,317తో భాగిస్తే నేరుగా టీఎంసీలు వస్తాయి.

సాగర్ నిండుగా ఉంటే విస్తీర్ణం 285 చదరపు కిలోమీటర్లు. పళ్లెంలో 10 మిల్లీమీటర్లు తగ్గిన రోజున 285 × 7 ÷ 28,317 = 0.07 టీఎంసీ, అంటే రమారమి 815 క్యూసెక్కులు. హైదరాబాద్‌కు రోజూ వెళ్లే నీటికన్నా ఇది ఎక్కువ. కృష్ణా నీటిని రాష్ట్రాలకు పంచిన బచావత్ ట్రిబ్యునల్ శ్రీశైలం ఆవిరికే ఏడాదికి 33 టీఎంసీ లెక్కగట్టింది.

విస్తీర్ణాన్ని 285 దగ్గరే కట్టేయకండి. మట్టం తగ్గేకొద్దీ అదీ తగ్గాలి. ఇక్కడే షీట్ ఒక పేచీ పెడుతుంది: ఇవాళ్టి ఆవిరి ఇవాళ్టి విస్తీర్ణం మీద, విస్తీర్ణం ఇవాళ్టి నిల్వ మీద, నిల్వ మళ్లీ ఇవాళ్టి ఆవిరి మీద ఆధారపడి సూత్రం గుండ్రంగా తిరుగుతుంది. నిన్నటి నిల్వతో విస్తీర్ణం తీసుకోండి. రోజువారీ లెక్కలో దానివల్ల వచ్చే తప్పు లెక్కలోకి రానంత చిన్నది.

ఒక వరుస నింపి చూద్దాం

ఇవి సాధన కోసం గుండ్రంగా వేసుకున్న అంకెలు, ఏ రోజువీ కావు. ఉదయం పట్టిక నిల్వ 200.00 టీఎంసీ. శ్రీశైలం నుంచి 41,000, మధ్యలో 1,000, మొత్తం జమ 42,000 క్యూసెక్కులు. కుడి కాలువ 9,000, ఎడమ కాలువ 8,000, ఏఎమ్మార్పీ 1,800, పవర్‌హౌస్ 20,000, గేట్లు మూసే ఉన్నాయి. ఖర్చు 38,800. మిగులు 3,200 క్యూసెక్కులు, 11,574తో భాగిస్తే 0.276 టీఎంసీ. విస్తీర్ణం 200 చదరపు కిలోమీటర్లు, పళ్లెంలో 6 మిల్లీమీటర్లు అనుకుంటే ఆవిరి 200 × 4.2 ÷ 28,317 = 0.030. లెక్క నిల్వ 200.246.

మర్నాడు ఉదయం మట్టం చదివి పట్టిక చూస్తే 199.90 వచ్చిందనుకోండి. తేడా మైనస్ 0.346. దాదాపు 4,000 క్యూసెక్కులు ఒక రోజంతా ఎటో పోయినట్టు! కంగారుపడి కాలువ అంకెల మీద పడేముందు ఇది మట్టంలో ఎంతో చూడండి. 200 చదరపు కిలోమీటర్ల మీద ఒక అడుగు నీరంటే 2.15 టీఎంసీ. కాబట్టి 0.346 అంటే 0.16 అడుగు, రెండంగుళాలు కూడా లేదు. డ్యామ్ గోడ దగ్గర కొలబద్ద మీద అల ఊగుతుంటే రెండంగుళాలు అటూ ఇటూ చదవడం పెద్ద విషయం కాదు.

పెద్ద జలాశయాల లెక్కలో ఉన్న చిక్కంతా ఇదే. నిండు సాగర్‌లో ఒక అడుగు 3.07 టీఎంసీ, అంటే ఒక ప్రకాశం బ్యారేజీ. శ్రీశైలం నిండుగా ఉన్నప్పుడు ఒక అడుగు అయిదారు టీఎంసీల మధ్య ఉంటుంది. అక్కడ అడుగులో పదోవంతు తప్పు చదివితే ఆరు వేల క్యూసెక్కులకు పైగా లేని నీరు పుడుతుంది, లేదా ఉన్న నీరు మాయమవుతుంది. నిల్వ మార్పు నుంచి వెనక్కి లెక్కగట్టిన ఇన్‌ఫ్లో వేసవిలో మైనస్‌లో వస్తోందని బెంబేలెత్తేది ఇక్కడే. నదిలో నీరు లేదు, గాలి ఉంది, అంతే.

అలా వచ్చిన మైనస్ ఇన్‌ఫ్లోను సున్నా చేసేయాలనిపిస్తుంది. చేయకండి. గాలివల్ల ఒకరోజు మైనస్ 3,000 వస్తే మర్నాడు ప్లస్ 3,000 వచ్చి చెల్లుకు చెల్లవుతుంది. మైనస్‌లను కొట్టేసి ప్లస్‌లను ఉంచితే వేసవి నాలుగు నెలల్లో మీ మోడల్ నదిలోకి రాని నీటిని తానే పోస్తుంది. మూడు రోజుల సగటో, వారం సగటో తీసుకోండి. మొత్తం మారదు, ఊగడం తగ్గుతుంది.

13వ వరుసే అసలు పాఠం

లెక్క నిల్వను రెండు రకాలుగా నడపొచ్చు. ప్రతి రోజూ నిన్నటి పట్టిక నిల్వతో మొదలుపెట్టడం ఒకటి: దీంతో ఏ రోజు తప్పు ఆ రోజే కనిపిస్తుంది. నిన్నటి లెక్క నిల్వతోనే కొనసాగించడం రెండోది: తప్పులు పోగవుతాయి. డేటా తనిఖీకి మొదటిది, మోడల్ నడపడానికి రెండోది. ఒకే షీట్‌లో సగం దూరం ఒకలా, మిగతా సగం ఇంకోలా రాసి తలపట్టుకోవడం మామూలే. వేర్వేరు షీట్లు పెట్టుకోండి.

తనిఖీ షీట్‌లో ఒక నీటి సంవత్సరం నింపాక 13వ వరుసకు గ్రాఫ్ గీయండి. అంకెలు చిన్నవా పెద్దవా అని కాదు, ఆకారం ఎలా ఉందో చూడాలి.

సున్నాకు పైకీ కిందకీ రంపం పళ్లలా ఊగుతూ నెల మొత్తం మీద సున్నాకు దగ్గరగా వస్తే అది చదవడంలో వచ్చిన ఊగిసలాట. వదిలేయండి.

వరద ఎక్కుతున్నప్పుడు ఒక గుర్తు, దిగుతున్నప్పుడు దానికి ఎదురు గుర్తు వస్తే తేదీ జరిగింది. ఉదయం చదివిన మట్టం ఆ తేదీ పేరుతో ఉంటుంది, కానీ అది చెప్పేది అంతకుముందు 24 గంటల కథ. ఇన్‌ఫ్లో మాత్రం కొన్ని నివేదికల్లో ఆ ఉదయం ఉన్న ప్రవాహం, కొన్నింటిలో గడిచిన రోజు సగటు. ఒక రోజులో లక్ష క్యూసెక్కులు పెరిగే వరదలో ఒక్క వరుస జరిగితే 8.64 టీఎంసీ తప్పు. వరద తగ్గేటప్పుడు అది తిరిగొచ్చేస్తుంది కాబట్టి ఏడాది మొత్తం చూసేవాళ్లకు అసలు కనిపించదు.

నెలల తరబడి ఒకే గుర్తు ఉంటే ఏదో ఒక నీటి దారి మీ పద్దులో లేదు. ప్లస్ అయితే మధ్య వాగుల్ని తక్కువ రాశారు, లేదా కాలువ ఖర్చును ఎక్కువ రాశారు. మైనస్ అయితే చెప్పకుండా పోతున్న నీరుంది, లేదా శ్రీశైలం పవర్‌హౌస్ దగ్గర నీటి లెక్క ఉబ్బి ఉంది. పవర్‌హౌస్ నీటిని సాధారణంగా నేరుగా కొలవరు, తయారైన యూనిట్ల నుంచి వెనక్కి లెక్కగడతారు. ఆ లెక్కలో జలాశయం ఎత్తు మారినప్పుడల్లా మారాల్సిన గుణకాన్ని ఏడాదంతా ఒకటే ఉంచితే మైనస్ ఇలా కూడా రావచ్చు.

కాలువలు తెరిచి ఉన్న నెలల్లోనే తేడా వచ్చి, మూసిన నెలల్లో పోతే కాలువ హెడ్ రెగ్యులేటర్ రేటింగ్ చూడండి. గేటు ఎత్తు, నీటి మట్టం కలిపి ప్రవాహం చెప్పే ఆ పట్టిక కాలువ అడుగున పూడిక, తూటుకాడ పెరిగాక మారిపోతుంది.

మట్టం వేగంగా ఎక్కే, దిగే రోజుల్లో మాత్రమే తేడా వచ్చి, అదీ మారిన అడుగులకు తగ్గట్టు పెరిగితే సామర్థ్య పట్టిక పాతది, లేదా అందులో గీతలు మరీ దూరం. 510 అడుగుల దగ్గర 131 టీఎంసీ పైచిలుకు, 590 దగ్గర 312.05 అని రెండే అంకెలు పెట్టి మధ్యలో సరళరేఖ లాగితే తప్పు. జలాశయం పైకి పోయేకొద్దీ వెడల్పవుతుంది, కాబట్టి సరళరేఖ మధ్య మట్టాల్లో ఎప్పుడూ ఉన్నదానికన్నా ఎక్కువ నీరు చూపిస్తుంది. కనీసం అయిదడుగులకొక అంకె ఉండాలి.

కారణం దొరకని తేడా మిగులుతుంది. దాన్ని 5వ వరుసలోకి తోసేసి పద్దు సరిపెట్టడం చాలా తేలిక, చాలామంది చేసేదీ అదే. అలా చేసిన షీట్‌లో 13వ వరుస అంతా సున్నాలతో ముచ్చటగా ఉంటుంది, ఆ మోడల్ దేనికీ పనికిరాదు. తేడాను తేడాగానే ఉంచి, ఏడాది మొత్తం ఖర్చులో అది ఎంత శాతమో పక్కన రాసిపెట్టండి.

ఇక మోడల్

ఇప్పటిదాకా చేసింది జరిగిపోయిన రోజుల ఆడిట్. ఇప్పుడు ఆ షీట్ కాపీ తీసి 6 నుంచి 10 దాకా కొలిచిన అంకెలు తుడిచేసి, వాటి స్థానంలో నియమాలు రాస్తాం. జమ మాత్రం కొలిచిందే.

ముందు అందుబాటు: నిన్నటి నిల్వ, ఇవాళ్టి జమ కలిపి, ఆవిరి తీసి, కనీస మట్టం కింద ఉండాల్సిన నిల్వ తీసేయాలి. సాగర్‌కు ఆ మట్టం 510 అడుగులు. మైనస్ వస్తే సున్నా. ఇక్కడ సున్నా చేయడం సరైనదే, ఎందుకంటే ఇది కొలత కాదు, నిర్ణయం.

తర్వాత వరుసగా పంచడం. తాగునీటికి అడిగింది, అందుబాటు – రెంటిలో ఏది చిన్నదైతే అది. దాన్ని అందుబాటులోంచి తీసేసి మిగిలినదాన్లో కాలువలకు, ఆ తర్వాత విద్యుత్తుకు. చివర నిల్వ 312.05 దాటితే దాటినదంతా కిందికి: పవర్‌హౌస్ తిప్పగలిగినంత 9వ వరుసలో, మిగతాది గేట్ల వరుసలో.

కనీస మట్టాన్ని సూత్రాల్లో ఎక్కడికక్కడ అంకెగా రాయొద్దు. పైన ఒక గడిలో పెట్టి, అన్ని సూత్రాలూ ఆ గడిని చూసేలా చేయండి. ఎందుకో శ్రీశైలం చూస్తే తెలుస్తుంది. అక్కడ కనీస మట్టం 1996లో వచ్చిన 69వ నంబరు జీవోలో 834 అడుగులు, 2004లో వచ్చిన 107వ నంబరు జీవోలో 854. ఇరవై అడుగుల ఈ తేడా మీద రెండు ప్రాంతాలు ఏళ్లుగా వాదించుకుంటున్నాయి. 854 పెడితే రాయలసీమకు నీరు తీసుకునే పోతిరెడ్డిపాడు దగ్గర నీటి ఎత్తు నిలబడుతుంది, సాగర్‌కు వేసవిలో దిగే నీరు, ఎడమగట్టు కరెంటు తగ్గుతాయి. 834 పెడితే అటుది ఇటు. మీ మోడల్‌లో అది ఒక గడి. మార్చి చూడండి: ఎవరికి ఏ నెలలో ఎన్ని టీఎంసీలు తగ్గాయో రెండు షీట్లు పక్కపక్కన పెడితే వాదన కాస్త అంకెల్లోకి దిగుతుంది. ఎవరిది న్యాయమో చెప్పడం మోడల్ పని కాదు.

డిమాండ్ వరుసను ఆయకట్టు నుంచి కట్టండి. ఎకరాకు కాలువ తల దగ్గర 1.2 మీటర్ల నీరు కావాలంటే ఒక టీఎంసీకి 5,800 ఎకరాలు పారుతుంది, 0.7 మీటరైతే 10,000. వరికీ ఆరుతడికీ తేడా దాదాపు అంత ఉంటుంది. నారుమళ్లకు, దమ్ముకు వారం పది రోజుల్లో ఎత్తుగా లేచి, తర్వాత చదునై, కోతల ముందు పడిపోయే ఆకారం రావాలి. ఖరీఫ్ మొత్తాన్ని 120తో భాగించి రోజూ ఒకటే అడిగితే జూలైలో పడే అసలు కరువు మోడల్‌కు కనిపించదు.

పైన చెప్పిన ‘అడిగింది, ఉన్నది – ఏది చిన్నదైతే అది’ నియమానికి ఒక చెడ్డ గుణం ఉంది. ఉన్నంతకాలం పూర్తిగా ఇస్తుంది, అయిపోయిన రోజున చప్పున ఆపేస్తుంది. రబీ వరి పొట్టమీద ఉన్నప్పుడు కాలువ కట్టేస్తే ముందు ఇచ్చిన నీళ్లూ దండగే. అందుకని నవంబరు 1న ఒక ప్రశ్న పెట్టండి: నిల్వ ఇంతకన్నా తక్కువ ఉంటే రబీ డిమాండ్‌ను మొదటి రోజు నుంచే 60 శాతానికి దించు. ఊళ్లో దీని పేరే ‘ఈసారి ఆరుతడికే నీళ్లు’. ఆ హద్దు 180 ఉండాలా, 220 ఉండాలా? ఊహించకండి, పదేసి టీఎంసీలు మారుస్తూ అన్ని సంవత్సరాలూ నడిపి, పంట మధ్యలో ఎండిన ఏళ్లు ఎన్ని, అనవసరంగా కోత పెట్టిన ఏళ్లు ఎన్ని అని రెండు లెక్కలు తీయండి. ఒకటి తగ్గితే రెండోది పెరుగుతుంది. ఎక్కడ ఆగాలన్నది మనుషులు తేల్చుకోవాల్సింది.

గేట్ల గురించి ఒక హెచ్చరిక. మన నియమం పూర్తి మట్టం దాటినదాన్నంతా ఒకే రోజులో కిందికి తోసేస్తుంది, గేట్లకు అంత శక్తి ఉందా అని అడగదు. 2009 అక్టోబరు వరదలో శ్రీశైలం మట్టం 885 దాటి 896 అడుగులకు పైగా వెళ్లింది. ఈ షీట్‌లో ఆ రోజులు నడిపితే నీటి మట్టం 885 దగ్గర గీత గీసినట్టు ఆగుతుంది. వరద పనికి గంటగంటకూ నడిచే వేరే మోడల్ కావాలి, దీన్ని వాడకండి.

రోజుకు బదులు నెలకొక వరుస చాలదా? నీటి పంపకాల లెక్కకు వాడే వీప్ (WEAP) లాంటి సాఫ్ట్‌వేర్‌ను చాలామంది నెలవారీ గానే నడుపుతారు. ఎక్కడ దెబ్బతింటుందో చూడండి. జలాశయంలో 40 టీఎంసీల ఖాళీ ఉంది. నెలలో మొదటి పది రోజులు లక్ష క్యూసెక్కులు వచ్చి ఆగిపోయాయి: 86.4 టీఎంసీ. నెల డిమాండ్ 46. నెలవారీ లెక్కలో 86.4 లోంచి 46 పోతే 40.4, ఖాళీలో దాదాపు పట్టేసింది, సముద్రం పాలైంది 0.4. రోజువారీ నడిపితే పది రోజుల్లో వాడకం 15.3 మాత్రమే, మిగిలిన 71.1లో 40 పట్టి 31 టీఎంసీ గేట్ల మీదుగా పోయింది. ఆ తర్వాత ఇరవై రోజుల డిమాండ్ నిల్వలోంచే తీయాలి. నెలాఖరుకు రెండు మోడళ్ల మధ్య తేడా 31 టీఎంసీ. కృష్ణాలో వరద వచ్చేదే ఇలా కొద్ది రోజుల్లో ముద్దగా. ఆగస్టు, సెప్టెంబరు, అక్టోబరు రోజువారీగా నడపాల్సిందే. డిసెంబరు తర్వాత పదిరోజుల లెక్క చాలు.

ఎన్నేళ్లు నడపాలి

ఒక మంచి ఏడాది, ఒక చెడ్డ ఏడాది నడిపి తేల్చేయకండి. నియమాలు సరిచూసుకోవడానికి కొన్నేళ్లు, తర్వాత వాటిని ముట్టుకోకుండా పరీక్షకు వేరే ఏళ్లు. పరీక్ష ఏళ్లలో 2015-16, 2023-24 లాంటి ఎండిన సంవత్సరాలు తప్పక ఉండాలి. వరద ఏడాదిలో ఏ మోడలైనా పాసవుతుంది.

75 శాతం విశ్వసనీయత, అంటే నూటికి 75 ఏళ్లు అంతకు తగ్గకుండా వచ్చే నీరు, తీయడం తేలిక. ఏటా వచ్చిన నీటిని పెద్దది ముందు పెట్టి చిన్నది దాకా పేర్చండి. మొత్తం ఏళ్లకు ఒకటి కలిపి 0.75తో గుణిస్తే ఎన్నోది తీసుకోవాలో వస్తుంది. 39 ఏళ్లుంటే 40 × 0.75, అంటే పైనుంచి 30వది. కష్టమంతా ఏ ఏళ్లు తీసుకోవాలన్న దగ్గరే. బచావత్ ట్రిబ్యునల్ 1894-95 నుంచి 78 ఏళ్ల అంకెలతో కృష్ణాకు 75 శాతం విశ్వసనీయత మీద 2,060 టీఎంసీ తేల్చింది. బ్రిజేశ్ కుమార్ ట్రిబ్యునల్ 1961-62 నుంచి 47 ఏళ్లు తీసుకుంటే అదే 75 శాతానికి 2,173 వచ్చింది. అదే నది, అదే సూత్రం, 113 టీఎంసీల తేడా. మీ ఫలితం రాసేటప్పుడు ఏయే సంవత్సరాలో రాయకపోతే ఆ అంకెకు అర్థం లేదు.

అభ్యాసం

1. సాగర్ నిండుగా ఉన్న రోజుల్లో తనిఖీ షీట్‌లో ఆరు రోజుల తేడా ఇలా వచ్చింది: +0.1, +2.4, +3.1, −0.2, −2.9, −2.3 టీఎంసీ. మూడో రోజు దాకా శ్రీశైలం గేట్లు ఎక్కువెక్కువ తెరిచారు, నాలుగో రోజు నిలకడ, తర్వాత దించారు. తప్పు ఏమిటి? ఏ నిలువు వరుసను జరపాలి, పైకా, కిందికా? ఆరు అంకెలూ కూడితే ఎంతొచ్చింది, దాన్నిబట్టి ఏ కారణాలను కొట్టేయవచ్చు?

2. పైన నింపిన వరుసలోనే శ్రీశైలం ఎడమగట్టు రాత్రి పంపింగ్ చేసి రోజు సగటున 6,000 క్యూసెక్కులు ఎత్తిపోసిందని, నివేదికలో ఉన్న 41,000లో దాన్ని తీయలేదని తెలిసింది. సరిచేశాక లెక్క నిల్వ 199.73 టీఎంసీ రావాలి. 200.77 వస్తే గుర్తు మార్చడం మరిచారు. సరిచేసిన లెక్కకు 199.90 పట్టిక నిల్వతో తేడా ఏ గుర్తుకు మారింది, అది మట్టంలో ఎన్ని అంగుళాలు?

3. మీ షీట్‌లో కనీస మట్టం గడిని 510 నుంచి 520 చేసి ఒక ఎండిన ఏడాది నడపండి. తాగునీటి వరుసలో కోత పడిన రోజులు లెక్కపెట్టండి. తాగునీటికి వేరే కనీస మట్టం ఉండాలనిపిస్తే రెండో గడి పెట్టి మళ్లీ నడపండి.

జవాబులు నాలుగో పాఠంలో. అందులో ఈ షీట్‌కు పైన శ్రీశైలాన్ని, కింద పులిచింతలను, ప్రకాశం బ్యారేజీని తగిలిస్తాం. సాగర్‌తో సంబంధం లేకుండా బ్యారేజీకి వచ్చిపడే మున్నేరు నీటికి ఒక వరుస అక్కడ కావాలి. పులిచింతల సామర్థ్యం 45.77 టీఎంసీ, దాని పట్టిక ముందే సంపాదించి పెట్టుకోండి.